ఒక్క ఘన మిల్లీమీటరు చుక్క: సిరంజి పంపు డైరీ

మా అక్క కూతురు వ్యవసాయ కీటకశాస్త్రంలో పీజీ చేస్తోంది. మందు ఎంత మోతాదులో వేస్తే పురుగు చస్తుందో తేల్చే ప్రయోగం ఆమెది. పొగాకు లద్దె పురుగు మూడో దశలో ఉన్నప్పుడు దాని వీపు మీద సరిగ్గా ఒక మైక్రోలీటరు (మిల్లీలీటరులో వెయ్యో వంతు) మందు చుక్క పెట్టాలి. అలా ఒకటి కాదు, వందల పురుగులకు. ల్యాబులో ఉన్న పరికరం కోసం పెద్ద క్యూ. "మామయ్యా, ఇన్వర్టర్లు బాగుచేస్తావుగా, ఇది చెయ్యలేవా?" అంది. గుంటూరు అరండల్‌పేటలో నాది చిన్న రిపేరు కొట్టు. ఏప్రిల్ రెండో వారంలో మొదలుపెడితే మే నెలాఖరు దాకా పట్టింది. ఎవరైనా మళ్లీ చేసుకుంటే నేను పడ్డ గుంటల్లో పడకూడదని రాస్తున్నాను.

దశ 1: చెక్క, డ్రాయర్ ఛానెల్, పడని చుక్క

సూత్రం తేలిక. స్టెప్పర్ మోటారు మర రాడ్డును తిప్పుతుంది, రాడ్డు మీది నట్టు సిరంజి పిస్టన్‌ను నెడుతుంది. మోటారుకు ఒక చుట్టుకు 200 స్టెప్పులు. మోటారును నడిపే ఏ4988 డ్రైవరు బోర్డులో స్టెప్పును పదహారు ముక్కలు చేస్తే చుట్టుకు 3200 మైక్రోస్టెప్పులు. త్రీడీ ప్రింటర్లలో వాడే టీ8 రాడ్డు వేశాను. అది ఒక చుట్టుకు 8 మి.మీ. కదులుతుంది. సిరంజి పెట్టడానికి ప్లైవుడ్, జారడానికి డ్రాయర్ ఛానెల్.

మోటారు తిరిగింది, పిస్టన్ కదిలింది, సూది కొన మీద చుక్క కూడా వచ్చింది. వచ్చి అక్కడే వేలాడుతూ కూర్చుంది. మైక్రోలీటరు చుక్క తనంతట తాను కింద పడదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. నీటి తలతన్యత దాన్ని సూదికి అంటిపెట్టి ఉంచుతుంది. బరువు పెరిగి సూదిని వదిలేదాకా మోటారు నడిపి, అలా పడిన 50 చుక్కలను తూచాను. 0.31 గ్రాములు వచ్చింది. అంటే ఒక్కోటి 6.2 మి.గ్రా., సుమారు 6.2 మైక్రోలీటర్లు. అదీ ఇన్సులిన్ సిరంజికుండే 0.3 మి.మీ. సన్న సూదితో. సెలైన్ సీసాకు పెట్టే మామూలు సెట్‌లో మిల్లీలీటరుకు 20 చుక్కలు, అంటే ఒక్కోటి 50 మైక్రోలీటర్లు. పిల్లలకు పెట్టే మైక్రో సెట్‌లో 60 చుక్కలు, ఒక్కోటి 16.7. "చుక్క" అనేది కొలత కాదని అక్కడే అర్థమైంది.

మార్పు: చుక్క పడేదాకా ఆగడం మానేశాను. సూది కొనను ఉపరితలానికి ఆనించి, చుక్కను అంటించి తీసేయాలి. పురుగు వీపు మీదా అలాగే.

ఖర్చు: మోటారు 700, డ్రైవరు 130, ఆర్డుయినో తరహా బోర్డు 480, టీ8 రాడ్డు, నట్టు 380, కప్లర్ 90, ఛానెల్ 160, అడాప్టర్ 220, పది సిరంజిలు 80.
ఇప్పటిదాకా: రూ. 2240, 9 గంటలు.

దశ 2: ఎర్ర మూత, నారింజ మూత

పిస్టన్ ఎంత కదిలితే ఎంత బయటికొస్తుందో తెలియాలంటే సిరంజి లోపలి వైశాల్యం కావాలి. నేను వేసిన దారి: సిరంజి మీద 40 గీతలున్నాయి, ఒక్కో గీత ఒక యూనిట్, యూనిట్ అంటే 10 మైక్రోలీటర్లు, మొత్తం 400. గీతల పొడవు వెర్నియర్‌తో 57.5 మి.మీ. కనుక వైశాల్యం 400 ÷ 57.5 = 6.96 చదరపు మి.మీ. ఈ లెక్కన ఒక మైక్రోలీటరుకు 57 మైక్రోస్టెప్పులు.

వంద చుక్కలు మూతలోకి అంటించి, 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టాను. 0.10 రావాలి. 0.23 వచ్చింది. కాటా పాడైందని బ్యాటరీ మార్చాను. అదే 0.23. డ్రైవరు స్విచ్చులు మార్చాను, కోడు మళ్లీ ఎక్కించాను. ఒక సాయంత్రం మొత్తం పోయింది. చివరికి సిరంజి విప్పి పిస్టన్ రబ్బరుకే వెర్నియర్ పెట్టాను. 4.7 మి.మీ. వ్యాసం. అంటే వైశాల్యం 17.3, నేను వేసిన దానికి రెండున్నర రెట్లు.

తప్పు యూనిట్‌లో ఉంది. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ సిరంజిలు రెండు రకాలు దొరుకుతాయి. ఎర్ర మూతది యూ-40: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, యూనిట్ 25 మైక్రోలీటర్లు. నారింజ మూతది యూ-100: మిల్లీలీటరుకు 100 యూనిట్లు, యూనిట్ 10 మైక్రోలీటర్లు. నా చేతిలో ఉన్నది ఎర్ర మూత, నా తలలో ఉన్నది నారింజ మూత లెక్క. నాది పంపు కాబట్టి సరిపోయింది. మా నాన్నకు షుగరు, ఆయన సిరంజి డబ్బా ఆ రాత్రే తీసి మూత రంగు, సీసా మీద రాసినదీ సరిచూశాను.

సరిదిద్దిన లెక్క:

1. గీతల మొత్తం పొడవు 57.5 మి.మీ., పట్టేది 1 మి.లీ. = 1000 ఘన మి.మీ.
2. 1000 ÷ 57.5 = 17.39 చదరపు మి.మీ.
3. మైక్రోస్టెప్పుకు కదలిక 8 ÷ 3200 = 0.0025 మి.మీ.
4. బయటికొచ్చేది 17.39 × 0.0025 = 0.0435 ఘన మి.మీ., అంటే 43.5 నానోలీటర్లు.
5. ఒక మైక్రోలీటరుకు 23 మైక్రోస్టెప్పులు.

యూనిట్లూ గీతలూ వదిలేసి, ఒక మైక్రోలీటరు అంటే ఒక ఘన మిల్లీమీటరు అని పట్టుకుంటే చాలు, స్కేలూ వెర్నియరూ చేతిలో ఉన్న ఎవరైనా లెక్క వేసుకోవచ్చు.

ఇప్పటిదాకా: రూ. 2240, 13 గంటలు.

దశ 3: రాడ్డు మార్పు

వంద చుక్కల సగటు ఇప్పుడు దగ్గరికొచ్చింది. కానీ ఒక్కో చుక్క ఎలా ఉందో సగటు చెప్పదు. 0.01 గ్రాము కాటాకు ఒక్క మి.గ్రా. చుక్క అసలు కనిపించదు. అందుకని నీళ్లలో మిఠాయి రంగు కలిపి, వడపోత కాగితం మీద వరసగా చుక్కలు పెట్టి, మరకల వ్యాసం కొలిచాను. ఒకే కాగితం మీద మరక వైశాల్యం దాదాపు చుక్క పరిమాణాన్ని బట్టే పెరుగుతుంది. వ్యాసంలో 2 శాతం తేడా ఉంటే పరిమాణంలో 4 శాతం ఉన్నట్టు.

మొదటి వరస 20 చుక్కలు: 3.6 మి.మీ. నుంచి 5.4 దాకా. ఘోరం. అంటే పెద్ద చుక్క చిన్నదానికి రెండింతలకు పైనే.

కారణం రాడ్డు. మైక్రోస్టెప్పులు కాగితం మీద పదహారు గానీ, లోడు మీద మోటారు నిజంగా నమ్మకంగా ఆగేది పూర్తి స్టెప్పు దగ్గరే. టీ8 రాడ్డుతో ఒక పూర్తి స్టెప్పు 0.7 మైక్రోలీటరు. నాకు కావలసిన చుక్క స్టెప్పున్నర కూడా లేదు. గజం బద్దతో గోరు మందం కొలిచినట్టు.

కొత్త రాడ్డు కోసం పెద్దగా వెతకలేదు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు ఎం5 మర రాడ్డు తెచ్చాను. ఒక చుట్టుకు 0.8 మి.మీ. లెక్క సరిగ్గా పదో వంతుకు దిగింది: మైక్రోస్టెప్పుకు 4.35 నానోలీటర్లు, పూర్తి స్టెప్పుకు 69.6, ఒక మైక్రోలీటరుకు 230 మైక్రోస్టెప్పులు. అంటే 14 పూర్తి స్టెప్పులకు పైనే.

డ్రాయర్ ఛానెల్ కూడా తీసేశాను. వేలితో నొక్కితే పక్కకు ఊగుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో లేతు మీద అల్యూమినియం దిమ్మ కోయించి, రెండు 8 మి.మీ. రాడ్ల మీద బేరింగులతో జారేలా పెట్టాను. లేతు ఆయన "ఏంటండీ ఇది?" అంటే పురుగులకు మందు వేసే మిషన్ అన్నాను. పొలానికి ఇంత చిన్నదా అని నవ్వాడు.

కొత్త వరస 20 చుక్కలు: 4.2 నుంచి 4.9.

ఖర్చు: ఎం5 రాడ్డు, నట్లు 70, రాడ్లు, బేరింగులు 520, లేతు పని 400.
ఇప్పటిదాకా: రూ. 3230, 22 గంటలు.

దశ 4: బంగారం కొట్టు, ఫ్యాను గాలి

ఈ దశ గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇక్కడ నేను తప్పును తప్పుతో సరిచేశాను.

మా కొట్టుకు నాలుగు గుమ్మాల అవతల బంగారం కొట్టు. అక్కడి కాటా ఒక్క మిల్లీగ్రాము దాకా చూపిస్తుంది, చుట్టూ అద్దాల గది. పొద్దున్నే బేరాలు ఉండవు కాబట్టి రమ్మన్నాడు ఆ కొట్టు బాబాయ్. పంపు సంచీలో పెట్టుకుని, మోటారుకు చిన్న 12 వోల్టుల బ్యాటరీ తగిలించుకుని వెళ్లాను. సీసా మూతలో అడుగు తడిసేలా కాస్త నీళ్లు పోసి, టేర్ కొట్టి (ఆ బరువుతోనే కాటాను సున్నా చేసి), బయట బల్ల మీద వంద చుక్కలు అంటించాను. ఒక్కోదానికి మూడు సెకన్లు, మొత్తం అయిదు నిమిషాలు. కాటా మీద పెడితే 0.078.

వందకు 78. మూడు సార్లు చేశాను: 78, 79, 77. ఇంత స్థిరంగా వస్తుంటే లెక్కలోనే ఎక్కడో పొరపాటుందనుకున్నాను. రబ్బరు నొక్కుకుపోతోందేమో, సిరంజి లోపల సన్నబడిందేమో అని ఏవో కారణాలు కల్పించుకుని, కోడులో 230ని 295 చేశాను. మళ్లీ చేస్తే 0.100. బాబాయ్ టీ తెప్పించాడు.

మర్నాడు సరిచూద్దామని వెళ్తే కరెంటు లేదు. కాటాకు లోపల బ్యాటరీ ఉంది, నా పంపుకు నా బ్యాటరీ ఉంది. చెమటలు కక్కుతూ వంద చుక్కలు పెట్టాను. 0.125. ఏమీ మార్చకుండా రాత్రికి రాత్రి పాతిక శాతం పెరిగింది. తల పట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చి నెత్తి మీద ఫ్యాను తిరిగింది, బల్ల మీది రసీదు కాగితం ఎగిరింది.

మూతలో ఉత్త నీళ్లు పోసి ఫ్యాను కింద పది నిమిషాలు వదిలేశాను. 41 మి.గ్రా. తగ్గింది. నిమిషానికి 4.1, అయిదు నిమిషాలకు 20.5. నేను చూసిన 78కి ఇది కలిపితే 98.5. పంపు మొదటి నుంచీ సరిగ్గానే ఉంది, నీళ్లే ఆవిరైపోయాయి. 295 కొట్టేసి 230 పెట్టాను.

గ్లాసెడు నీళ్లలో పోయిన ఇరవై మి.గ్రా. ఎవరికీ కనిపించదు. వంద మైక్రోలీటర్లలో అయిదో వంతు పోతుంది. మన ఎండల్లో ఇది చేసేవాళ్లు ఈ పద్ధతి పాటించండి:

1. సన్న మూతి గాజు బుడ్డి తీసుకోండి. వెడల్పు మూత వద్దు.
2. అడుగున కాస్త నీళ్లు, పైన అర సెం.మీ. కొబ్బరినూనె. ఎండాకాలం కాబట్టి గడ్డకట్టదు.
3. బుడ్డిని కాటా మీద పెట్టి టేర్ కొట్టండి.
4. సూది కొనను నూనె పొర కిందికి దింపి చుక్కలు వదలండి.
5. సూదిని పైకి తీసేటప్పుడు బుడ్డి అంచుకు తాకించి, అంటిన నూనెను లోపలికే వదిలించండి.
6. చుక్కలు మొదలుపెట్టే ముందు, నీళ్లూ నూనే పోసిన బుడ్డిని పది నిమిషాలు వదిలి, అంకె కదలడం లేదని చూసుకోండి. నాకు కదలలేదు.

మిల్లీగ్రాములను మైక్రోలీటర్లు చేసేటప్పుడు ఇంకో చిన్న దిద్దుబాటు ఉంది. ఆ పొద్దున నీళ్లు 32 డిగ్రీలు, సాంద్రత 0.995. అంటే 100 మి.గ్రా. నీళ్లు 100.5 మైక్రోలీటర్లు. అర శాతం. ఫ్యాను తిన్న ఇరవై శాతం ముందు ఇదెంత, కానీ లెక్కలో ఉంచాను.

ఇప్పటిదాకా: బుడ్డి 20, మొత్తం రూ. 3250, 27 గంటలు.

దశ 5: మొదటి మూడు చుక్కలు

సిరంజి నింపడానికి పిస్టన్ వెనక్కి లాగి మళ్లీ ముందుకు నడిపితే, కాగితం మీద మొదటి రెండు మరకలు అసలు లేవు. మూడోది 4.3 మి.మీ. నాలుగో దాని నుంచి మామూలే. నట్టుకూ రాడ్డుకూ మధ్య ఉన్న సందే దీనికి కారణం. డయల్ గేజి పెట్టి చూస్తే 0.12 మి.మీ. దాన్ని 17.39తో గుణిస్తే 2.1 మైక్రోలీటర్లు. కాగితం చెప్పిందీ అదే: రెండు చుక్కలు పూర్తిగా, మూడోదాంట్లో పదో వంతు.

రెండు నట్ల మధ్య పెన్ను స్ప్రింగు పెట్టాను, చాలలేదు. సిరంజి రబ్బరు బిగువే దానికన్నా ఎక్కువ. పది రూపాయల గట్టి స్ప్రింగు పెడితే సందు 0.02కు తగ్గింది, అంటే 0.35 మైక్రోలీటరు. మిగిలినదానికి మందు లేదు. నింపిన ప్రతిసారీ 5 మైక్రోలీటర్లు దూది మీదికి వదిలేయడమే.

ఇప్పటిదాకా: రూ. 3260, 31 గంటలు.

దశ 6: నానోలీటర్లు, వెనక్కి నడిచిన మోటారు

కోడులో అప్పటిదాకా ఒకచోట మిల్లీలీటర్లు, ఇంకోచోట మైక్రోలీటర్లు, మరోచోట 0.00435 లాంటి దశాంశాలు. ఎక్కడ వెయ్యితో గుణించానో నాకే తెలియడం లేదు. అన్నీ పీకేసి ఒకే నియమం పెట్టాను: లోపల అన్నీ నానోలీటర్లే, అన్నీ పూర్ణాంకాలే. ఒక చుక్క అంటే 1000.

మొదటి పరీక్షకే 50 మైక్రోలీటర్లు అడిగాను. అంటే 50000. మోటారు ముందుకు కాకుండా వెనక్కి తిరిగి, బుడ్డిలోని కొబ్బరినూనెను సిరంజిలోకి పీల్చుకుంది. ఈ బోర్డులో మామూలు పూర్ణాంకం 32767 దాటదు, దాటితే రుణ సంఖ్యలోకి తిరగబడుతుంది. 50000 కాస్తా −15536 అయింది. "ఇంట్" అన్నచోటల్లా "లాంగ్" అని మార్చాను. సిరంజి జిడ్డు వదలకపోతే పారేసి కొత్తది వేశాను. కోడు రాసేవాళ్లకు పాత పాఠమే, కానీ చిన్న యూనిట్‌కు దిగినప్పుడు అంకె పెద్దదవుతుందని ముందే అనుకోవాలి.

అదే రోజు రాత్రి మా అక్క కూతురి ఫోను. "మామయ్యా, స్ప్రేయరు తుంపర వంద మైక్రాన్లుంటుందనుకో. మన చుక్క ఒకటి ఎన్ని తుంపరలకు సమానం?" వంద మైక్రాన్ల గోళం 5,23,600 ఘన మైక్రాన్లు. మిల్లీమీటరుకు వెయ్యి మైక్రాన్లు కాబట్టి ఘన మి.మీ.కు కూడా వెయ్యే అనుకుని, ఒక్కో తుంపర 523 మైక్రోలీటర్లు అని పంపాను. అర మిల్లీలీటరు తుంపర! టీ స్పూనులో పదో వంతు. "అది తుంపర కాదు మామయ్యా, వడగల్లు" అని జవాబు.

పొడవులో మూడు సున్నాలు, ఘనంలోకొస్తే తొమ్మిది. ఒక ఘన మి.మీ.లో ఘన మైక్రాన్లు వంద కోట్లు. ఇది మళ్లీ తప్పకూడదని కొట్టు గోడ మీద రాసుకున్నాను:

- 1 మిల్లీలీటరు: 10 మి.మీ. భుజం ఉన్న ఘనం. దీన్నే సీసీ అంటాం.
- 1 మైక్రోలీటరు: 1 మి.మీ. భుజం.
- 1 నానోలీటరు: 0.1 మి.మీ. భుజం, అంటే 100 మైక్రాన్లు.
- 1 పికోలీటరు: 10 మైక్రాన్లు.
- 1 ఫెమ్టోలీటరు: 1 మైక్రాను.

మెట్టు దిగిన ప్రతిసారీ పరిమాణం వెయ్యో వంతు, భుజం పదో వంతే. గోడ మీది లెక్కన తుంపర 0.52 నానోలీటరు, మన చుక్కలో అలాంటివి దాదాపు 1910. తుంపర రెండింతల వ్యాసముంటే పరిమాణం ఎనిమిదింతలు.

పట్టికను నమ్మడానికి మొన్న చేయించుకున్న నా రక్త పరీక్ష కాగితం తీశాను. ఎర్ర కణాలు ఘన మి.మీ.కు 47 లక్షలు, ఒక్కో కణం సగటు పరిమాణం 87 ఫెమ్టోలీటర్లు. రెంటినీ గుణిస్తే 40.89 కోట్ల ఫెమ్టోలీటర్లు. మైక్రోలీటరుకు వంద కోట్లు కాబట్టి 40.9 శాతం. కాగితం కింద పీసీవీ (రక్తంలో ఎర్ర కణాల వాటా) అన్నచోట 40.9 అనే ఉంది. ఇన్నేళ్లుగా ఆ మూడు అంకెలూ వేర్వేరు పరీక్షలనుకునేవాణ్ణి.

ఇప్పటిదాకా: రూ. 3260, 33 గంటలు.

దశ 7: అసిటోను, గాజు సిరంజి

నీళ్లతో అన్నీ కుదిరాక అసలు సంగతి బయటపడింది. ఆమె మందు కలిపేది నీళ్లలో కాదు, అసిటోనులో. పురుగు చర్మం మీద పరుచుకుని త్వరగా ఆరిపోవాలని. సిరంజిలో అసిటోను పోసిన ఇరవై నిమిషాలకు పిస్టన్ రబ్బరు ఉబ్బి బిగుసుకుంది. మోటారు కిర్రుమంటూ స్టెప్పులు తప్పింది.

గాజు సిరంజి, గాజు పిస్టన్, మొద్దు కొన స్టీలు సూది తెచ్చాను. సిరంజి మారితే లెక్క మొత్తం మళ్లీ వేయాలి. దీనికి 1 మి.లీ. పొడవు సరిగ్గా 50 మి.మీ. వైశాల్యం 20 చదరపు మి.మీ. మైక్రోస్టెప్పుకు 5 నానోలీటర్లు, చుక్కకు 200. ఇంత గుండు అంకెలు నా అదృష్టమే.

అసిటోనును కాటాతో సరిచూడాలని చూడకండి. చుక్క పెట్టేలోపే ఎగిరిపోతుంది. పైగా దాని సాంద్రత దాదాపు 0.78, ఒక మైక్రోలీటరు ఒక మి.గ్రా. అనే సూత్రం నీళ్లకే. పంపు నెట్టేది పరిమాణాన్ని, బరువును కాదు. కాబట్టి నీళ్లతో, నూనె కింద సరిచూసి అదే లెక్క అసిటోనుకు వాడాను.

వంద చుక్కల చొప్పున అయిదు సార్లు: 98, 100, 99, 99, 100 మి.గ్రా. సగటు 99.2. సాంద్రతతో భాగిస్తే 99.7 మైక్రోలీటర్లు. మరకలు 4.5 నుంచి 4.7 మి.మీ., అంటే ఒక్కో చుక్కకు అటూ ఇటూ నాలుగు శాతం పైచిలుకు.

అసిటోను మంట పట్టేది. పక్కన సోల్డరింగ్ ఐరన్ ఉంటే తీసేయండి. తొడుగులు వేసుకోండి, కిటికీ తీయండి.

మొత్తం: గాజు సిరంజి 260, సూది 40, కలిపి రూ. 3560, 40 గంటలు.

జూన్ మొదటి వారం

పంపును స్టీలు క్యారేజీ సంచీలో పెట్టి బస్సెక్కించాను. నాలుగు రోజులకు ఫోను. మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి పిస్టన్ అంటుకుపోయిందట. అసిటోను ఆరి, మందు గాజు మీద పొరలా మిగిలింది. పని ఆపిన వెంటనే ఉత్త అసిటోనుతో రెండుసార్లు కడగమన్నాను.

నిన్న ఇంకో మెసేజీ: "సార్ 0.2 మైక్రోలీటరుతో కూడా చెయ్యమంటున్నారు." అంటే 200 నానోలీటర్లు, 40 మైక్రోస్టెప్పులు, రెండున్నర పూర్తి స్టెప్పులు. మళ్లీ టీ8 రాడ్డు నాటి ఇరుకే. ఇంకా సన్నని గాజు సిరంజి వెతకాలి. బంగారం కొట్టు బాబాయ్‌ని అడిగితే శ్రావణం పెళ్లిళ్ల బేరాలు అయ్యాక రమ్మన్నాడు.